తక్కువ ఎత్తులో ఎగరడం నేర్చుకున్నాను, అందుకే ఇప్పుడు ఎత్తు వదలను

చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నానని తెలిసిన దగ్గర్నుంచి నా వాళ్ళందరూ చెప్పే జాగ్రత్త ఒకటే, "మరీ పైకి వెళ్ళకు, కాస్త కిందగానే పోనీ" అని. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట వింటే ఇప్పుడు నాకు భయమేస్తుంది, ఎందుకంటే విమానం విషయంలో ఇంతకన్నా ప్రమాదమైన సలహా ఇంకోటి లేదు. నేలకి దగ్గరగా ఉంటే పడినా దెబ్బ తక్కువ తగులుతుందని మనసు అనుకుంటుంది, చెట్టు ఎక్కినప్పుడు అది నిజమే కావచ్చు, గంటకి 180 కిలోమీటర్ల స్పీడులో పోతున్నప్పుడు మాత్రం కాదు.

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ట్రైనింగ్‌లో లో-లెవెల్ ఫ్లయింగ్, అంటే తక్కువ ఎత్తులో ఎగరడం, ఆ పాఠం చిన్నదే, చాలామంది దాన్ని సిలబస్‌లో ఒక టిక్కు కింద చూస్తారు. మా ఇన్‌స్ట్రక్టర్ మాత్రం అలా ఒప్పుకోలేదు. ఆయన ఒకప్పుడు పొలాల మీద మందు కొట్టే విమానాలు నడిపిన మనిషి, ఎక్కువ కాలం నేలకి దగ్గరగానే ఎగిరారు, అందుకే ఆ పాఠం ముందు కూర్చోబెట్టి చెప్పిన బ్రీఫింగ్ అసలు ఎగిరిన టైమ్ కన్నా ఎక్కువసేపు నడిచింది. ఆయన మొదట్లోనే అన్న మాట, "కిందకి దిగితే విమానం మారదు, అదే రెక్క అదే ఇంజిన్, నీకు కనపడేది మారుతుంది, నీ దగ్గరున్న టైమ్ మారుతుంది, ఈ రెండూ అర్థమయ్యాకే దిగుదాం."

టైమ్ సంగతి బోర్డు మీద లెక్కేసి చూపించారు. మేం నడిపేది సెస్నా 172, నాలుగు సీట్లు ఒకే ఇంజిన్. గాల్లో ఇంజిన్ ఆగిపోతే అది రాయిలా పడిపోదు, గ్లైడ్ అవుతుంది, మోడల్‌ని బట్టి 65 నుంచి 68 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) స్పీడు పట్టుకుంటే ఒక అడుగు దిగేలోపు దాదాపు 9 అడుగులు ముందుకి పోతుంది. అంటే 3000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే చేతిలో దాదాపు 4 నిమిషాలు, చుట్టూ 8 కిలోమీటర్ల దాకా ఎక్కడైనా దిగే అవకాశం. ఆ 4 నిమిషాల్లో గాలి ఎటుందో చూసుకోవచ్చు, మంచి పొలం ఎంచుకోవచ్చు, ఫ్యూయల్ ట్యాంక్ మార్చి చూడొచ్చు, కార్బ్యురేటర్ ఉన్న మోడల్ అయితే అందులో ఐస్ పట్టిందేమోనని హీట్ వేసి చూడొచ్చు, ఇంజిన్‌లో నిప్పు రవ్వ పుట్టించే మ్యాగ్నెటోలు చూడొచ్చు, ఎమర్జెన్సీ రేడియో ఫ్రీక్వెన్సీ 121.5లో ప్రమాదంలో ఉన్నామని మేడే చెప్పొచ్చు, రాడార్‌కి మన సంగతి తెలిపే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టొచ్చు, పక్కనున్న వాళ్ళకి బెల్టు బిగించుకోమని తలుపు కాస్త తెరిచి పెట్టమని చెప్పొచ్చు. అదే 500 అడుగుల్లో అయితే దాదాపు 40 సెకన్లు, దూరం 1300 మీటర్ల చిల్లర, 200 అడుగుల్లో అయితే 15 సెకన్లు. ఆ 40లో కూడా మొదటి నాలుగైదు సెకన్లు అసలు ఏం జరిగిందో నమ్మడానికే పోతాయి, ఇంకొన్ని గాలికి ఎదురు తిరగడానికి పోతాయి, మిగిలినవే నీవి. ఇది కాగితం మీద చూసినప్పుడు సరే అనిపించింది, తర్వాత గాల్లో చేసి చూపించినప్పుడు ఒంట్లోకి ఎక్కింది.

రూల్ కూడా అప్పుడే చెప్పారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2వ అనెక్స్ ప్రకారం కళ్ళతో చూసి నడిపే ఫ్లైట్ జనం ఉన్న చోట్ల మీద అయితే 600 మీటర్ల వ్యాసార్థంలో ఉన్న ఎత్తైన అడ్డంకి కన్నా కనీసం 1000 అడుగులు పైన ఉండాలి, మిగతా చోట్ల నేలకో నీళ్ళకో 500 అడుగుల పైన. టేకాఫ్‌కి ల్యాండింగ్‌కి, పర్మిషన్ తీసుకున్న పనులకి మినహాయింపు. చాలామంది ఈ 500ని సేఫ్ నంబర్ అనుకుంటారు, అది సేఫ్ నంబర్ కాదు, అంతకన్నా దిగితే నేరం అని చెప్పే గీత, అంతే. పై లెక్క చూస్తే ఆ గీత దగ్గర కూడా నీ దగ్గర ఉన్నది ముప్పావు నిమిషం కూడా కాదు.

కిందకి దిగేముందు పైన స్టాల్స్ మళ్ళీ చేయించారు. స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు, రెక్క మీద గాలి అంటుకోకుండా విడిపోవడం, రెక్క మోయడం మానేస్తుంది. ముక్కు దించి స్పీడు తెచ్చుకుంటే సరిపోతుంది, కానీ దానికి ఎత్తు ఖర్చవుతుంది. పైగా స్టాల్ స్పీడు ఒకే నంబర్ కాదు, ఎత్తు పోకుండా మలుపు తిప్పితే పెరుగుతుంది, 30 డిగ్రీల బ్యాంక్‌లో, అంటే రెక్కలు పక్కకి అంత వాలితే, 7 శాతం, 45లో 19 శాతం, 60లో 41 శాతం. నేరుగా పోతున్నప్పుడు 48 నాట్స్ దగ్గర స్టాల్ అయ్యే విమానం 60 డిగ్రీల్లో 68 దగ్గరే స్టాల్ అయిపోతుంది. స్టాల్ అయ్యే టైమ్‌లో కాళ్ళతో నొక్కి ముక్కుని పక్కకి తిప్పే తోక రెక్క, రడ్డర్, తేడాగా ఉంటే ఒక రెక్క ముందు పడి స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ పడడంలోకి పోతుంది, అప్పుడు ఒక్క చుట్టు తిరిగి బయటపడడానికే దాదాపు 1000 అడుగులు పోతాయని 172 హ్యాండ్‌బుక్‌లోనే రాసి ఉంది. ఇప్పుడు ఎవరైనా 500 అడుగుల్లో స్పిన్‌లోకి పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, అక్కడ ఎంత చెయ్యి తిరిగిన పైలట్ అయినా ఒకటే.

ఇక అసలు పాఠం. కావాలనే గాలి గట్టిగా ఉన్న రోజు ఎంచుకున్నారు, పర్మిషన్ ఉన్న లో-ఫ్లయింగ్ ఏరియాకి వెళ్ళాం. మెల్లగా దిగుతుంటే మొదట తెలిసింది స్పీడు. పైన 100 నాట్స్‌లో పోతుంటే నేల కదులుతున్నట్టే ఉండదు, కింద అదే 100 నాట్స్‌లో చెట్లు వెనక్కి పరిగెడుతుంటాయి. ఆ తర్వాత ఆయన 80 నాట్స్ పెట్టమన్నారు, గాలి 20 నాట్స్ ఉంది. గాలికి ఎదురుగా పోతున్నప్పుడు నేల మీద మన స్పీడు 60, గాలితో పాటు పోతే 100. ఎయిర్‌స్పీడ్ మీటర్‌లో రెండు సార్లూ 80యే, విమానానికి ఏ తేడా లేదు, కానీ కంటికి మాత్రం గాలితో పోతున్నప్పుడు చాలా స్పీడుగా పోతున్నట్టు కనపడుతుంది, చెయ్యి ఇంజిన్ పవర్ మార్చే థ్రాటిల్ మీదకి పోయి తగ్గించాలనిపిస్తుంది, ముక్కు కాస్త ఎత్తాలనిపిస్తుంది. అలా తగ్గించిన ప్రతి నాట్ స్టాల్ వైపు ఒక మెట్టు. "ఇప్పుడు ఏమనిపిస్తోంది చెప్పు" అని అడిగారు, స్పీడు ఎక్కువైంది సార్ అన్నాను, "మీటర్ చదువు" అన్నారు, 80. ఆ ఒక్క నిమిషం నాకు అన్ని పుస్తకాల కన్నా ఎక్కువ నేర్పింది.

మలుపుల్లో ఇంకా ఘోరం. గాలికి ఎదురుగా పోతూ గాలి వైపుకి వీపు పెట్టేలా తిరుగుతుంటే, గాలి మనల్ని మలుపు లోపలి వైపుకి నెడుతుంది. పైన ఉన్నప్పుడు ఇది అసలు తెలియదు. కింద మాత్రం విమానం లోపలికి జారిపోతున్నట్టే కనపడుతుంది, నిజానికి విమానం పక్కకి జారుతోందో లేదో చూపించే మీటర్‌లోని బాల్ మధ్యలోనే ఉంటుంది, మలుపు చక్కగా ఉంటుంది. కానీ కన్ను జారుతోంది అంటుంటే కాలు ఊరుకోదు, జారుడు సరిచెయ్యాలని మలుపు లోపలి వైపు రడ్డర్ నొక్కుతుంది. అలా నొక్కితే లేని తప్పు నిజంగా వస్తుంది, విమానం స్కిడ్ అవుతుంది, అంటే మలుపు బయటి వైపుకి జారుతుంది, ముక్కు దిగుతుంది, ముక్కు దిగిందని చేతిలోని స్టీరింగ్ లాంటి యోక్ వెనక్కి లాగుతాం, బ్యాంక్ పెరుగుతుందని రెక్కల్ని వాల్చే ఎయిలరాన్ ఎదురు వైపుకి పెడతాం, ఇప్పుడు స్పిన్‌కి ఏమేం కావాలో అన్నీ మనమే సమకూర్చిపెట్టాం, అదీ నేల పక్కన. గాలితో పోతూ గాలికి ఎదురుగా తిరిగేటప్పుడు దీనికి రివర్స్, బయటకి జారుతున్నట్టు ఉంటుంది, బ్యాంక్ ఇంకా పెంచాలనిపిస్తుంది. ల్యాండింగ్ ముందు బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా వచ్చేలా చివరిసారి తిరిగే మలుపులో జరిగే స్టాల్ స్పిన్ యాక్సిడెంట్లలోనూ ఇదే స్కిడ్ కనపడుతుంది, రన్‌వే దాటిపోతున్నాం అనిపించి కాలితో ముక్కు తిప్పడం. ఆయన చెప్పిన పద్ధతి, నేల చూసి దారి ఎంచుకో, కానీ రడ్డర్ మాత్రం బాల్ చూసి నొక్కు, స్పీడు మీటర్ చూసి పెట్టు, రెండు కళ్ళూ బయటే ఉంచేసి చేత్తో కాలితో సర్దకు.

అలాస్కాలో దీనికి మూస్ స్టాల్ అని పేరే ఉంది. కింద కనపడిన దుప్పి లాంటి పెద్ద జంతువు చుట్టూ తిరుగుతూ, దాన్ని రెక్క కింద పెట్టుకుని చూస్తూ మలుపు బిగిస్తూ పోయి స్టాల్ అవడం. జంతువు బదులు స్నేహితుడి ఇల్లు పెట్టుకోండి, అంతే తేడా.

తర్వాత కరెంటు తీగలు. ఆయన ముఖం మారిపోయింది ఈ విషయం దగ్గర, ఆ పనిలో తోటి పైలట్లని పోగొట్టుకున్నారు. తీగ ముందు నుంచి కనపడదు, వెనక పొలమో కొండో ఉంటే అందులో కలిసిపోతుంది, ఎండ ఏ వైపు ఉందన్న దాన్ని బట్టి వెళ్ళేటప్పుడు కనపడ్డ తీగ వచ్చేటప్పుడు కనపడదు. అందుకే తీగని వెతకొద్దు, స్తంభాన్ని వెతుకు అన్నారు. స్తంభాల వరస, చెట్లు కొట్టేసిన సన్నటి దారి, ఒంటరి ఇంటికి, మోటారు షెడ్డుకి ఎటునుంచి కరెంటు వస్తోంది, లోయ అటు పక్క ఇటు పక్క గట్ల మీద టవర్లు ఉన్నాయా, ఇవి చూసి తీగ అక్కడ ఉందని నమ్మాలి. పెద్ద టవర్ల లైన్లలో కనపడే లావు తీగల పైన ఇంకో సన్న తీగ ఉంటుంది, పిడుగు నుంచి కాపాడే ఎర్త్ వైరు, లావు తీగల్ని చూసి కాస్త పైకి లేపి దాటేశాం అనుకున్న వాళ్ళని అది పట్టుకుంటుంది. అందుకే దాటాల్సి వస్తే టవర్ నెత్తి మీదుగా దాటాలి, తీగలు దానికన్నా పైన ఉండవు కాబట్టి. ఇంకో మాట చెప్పారు, తర్వాత నేను చదివి నిజమని తెలుసుకున్నాను, వ్యవసాయ విమానాలు తీగలకి తగిలిన కేసుల్ని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ పరిశీలిస్తే, సగానికి పైగా కేసుల్లో ఆ తీగ అక్కడుందని పైలట్‌కి ముందే తెలుసు. తెలిసినవాడే పనిలో పడి ఒక్క క్షణం మర్చిపోయాడు. ఆ తీగల మధ్యే బతికే వాళ్ళకే అలా అయితే సరదాకి ఎగిరే మనకి ఏ అండ ఉంది?

కొండల దగ్గర ఇంకో మోసం. 172 పూర్తి బరువుతో సముద్ర మట్టం దగ్గర, చల్లటి రోజు, నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది. వినడానికి బాగుంది కదా, ముందుకి పోయే స్పీడుతో లెక్కేస్తే పది అడుగులకి ఒక అడుగు. నేల అంతకన్నా ఏటవాలుగా లేస్తుంటే విమానం ఓడిపోతుంది, ఎండాకాలం మధ్యాహ్నం, ఎత్తైన ప్రదేశంలో గాలి పల్చగా ఉంటే ఇంకా ముందే ఓడిపోతుంది. పైగా నేల మెల్లగా లేస్తున్నప్పుడు ముందున్న కొండ అంచునే హొరైజన్ అనుకుని దానికి తగ్గట్టు ముక్కు ఎత్తుతూ పోతాం, స్పీడు కరిగిపోతూ ఉంటుంది, తెలియదు. కొండకి గాలి చాటు వైపు అయితే కిందకి తోసే గాలి మన ఎక్కే శక్తి కన్నా ఎక్కువగా ఉండొచ్చు. వెనక్కి తిరుగుదామంటే చోటు కావాలి. 100 నాట్స్‌లో 30 డిగ్రీల బ్యాంక్‌తో యూటర్న్ కొడితే దాదాపు 930 మీటర్ల వెడల్పు కావాలి, 70 నాట్స్‌కి తగ్గించుకుంటే 460 సరిపోతుంది. అందుకే లోయలో మధ్యలో పోకూడదు, ఒక పక్కకి ఉండి మొత్తం వెడల్పు తిరగడానికి మిగుల్చుకోవాలి, గాలి అడ్డంగా ఉంటే తిరిగేటప్పుడు గాలికి ఎదురుగా తిరిగేలా పక్క ఎంచుకోవాలి.

ఇది కొండలకే అనుకోవద్దు. 2006 అక్టోబర్ 11న న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఆటగాడు కోరీ లిడిల్, ఆయన ఇన్‌స్ట్రక్టర్ ఉన్న సిరస్ ఎస్‌ఆర్20 అనే చిన్న విమానం ఈస్ట్ రివర్ మీద తక్కువ ఎత్తులో పోతూ వెనక్కి తిరగబోయి అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి తగిలింది, ఇద్దరూ పోయారు. నది మొత్తం వెడల్పు వాడుకోకుండా మధ్య నుంచి మలుపు మొదలుపెట్టారు, గాలి తూర్పు నుంచి వీస్తూ వాళ్ళని బిల్డింగుల వైపే నెట్టింది, ఉన్న చోటు చాల్లేదు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు, ఆ మలుపు వెయ్యి అడుగులు పైన వేసి ఉంటే ఎవరికీ గుర్తు కూడా ఉండని మామూలు మలుపు, అది చెప్పడానికే.

మబ్బు కిందకి తోసే సంగతి. ఎవరూ కావాలని 400 అడుగుల్లో పోరు, మబ్బు దిగుతుంటే దానికింద నేనూ కాస్త దిగుతా అని వంద వంద అడుగులు దిగుతూ పోతారు, ఇంటికి ఇంకా ఇరవై కిలోమీటర్లేగా అని. ఒక దగ్గర నేల లేస్తుంది, మబ్బు దిగుతుంది, రెండూ కలిసిపోతాయి. మబ్బులోకి పోతే ఏమవుతుందో 1954లో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష చేశారు, ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ లేని 20 మందిని పెట్టి బయటేం కనపడకుండా చేస్తే అదుపు పోవడానికి సగటున పట్టింది 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. మా పాఠంలో దీనికి పెద్ద టెక్నిక్ ఏం లేదు, హొరైజన్ మసకబారడం మొదలవగానే, ఇంకా తిరగడానికి చోటు ఎత్తు ఉన్నప్పుడే, వెనక్కి తిరగడం.

పాఠం చివర్లో 500 అడుగుల్లో ఉన్నట్టుండి మా ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్ లాగేశారు, ఇంజిన్ పోయినట్టు. ముందే చెప్పారు చేస్తానని, అయినా గుండె ఆగినట్టయింది. మొదట ఉన్న ఎక్స్‌ట్రా స్పీడుని ఎత్తుగా మార్చుకోమన్నారు, మెల్లగా ముక్కు ఎత్తి 68కి రాగానే దించి పట్టుకోవడం, అది కొన్ని సెకన్లు కొనిస్తుంది. తర్వాత ముందున్న దాంట్లో మంచిది ఎంచుకోవాలి, ఎడమా కుడీ కాస్త, వెనక్కి మాత్రం చూడకూడదు. పొలం పైకి వచ్చేసరికి ఎన్ని పనులు మిగిలిపోయాయో లెక్క చూసుకుంటే, రేడియోలో నోరు తెరిచే టైమ్ కూడా లేదు, ఉన్నా అంత కింద నుంచి ఎవరికైనా వినపడుతుందో లేదో. ఎవరైనా పైలట్ అవ్వాలనుకుంటే ఈ ఒక్కటి మంచి ఇన్‌స్ట్రక్టర్‌తో చేసి చూడాలని నా కోరిక.

టేకాఫ్ అయిన వెంటనే మనందరం తప్పక ఆ ఎత్తులోనే ఉంటాం, అక్కడ ఏదైనా అయితే ఇదే పరిస్థితి. మన తెలుగువాళ్ళకి ఇది బాగా గుర్తుండే విషయం, 2004 ఏప్రిల్ 17న సౌందర్య గారు ఎక్కిన సెస్నా 180 బెంగళూరు దగ్గర జక్కూరులో లేచిన కాసేపటికే పడిపోయింది, నలుగురూ పోయారు. అప్పట్లో విన్నప్పుడు అంత తక్కువ ఎత్తు నుంచి పడితే బతకాలి కదా అనుకున్నవాళ్ళు చాలామంది, ఇప్పుడు నాకు తెలుస్తోంది ఆ తక్కువ ఎత్తే ఏమీ చేసుకోనివ్వదని. లేవగానే ఇంజిన్ పోతే రన్‌వేకి వెనక్కి తిరిగే ప్రయత్నం చాలామంది ప్రాణాలు తీసింది కాబట్టి ప్రతి టేకాఫ్ ముందు నేను గట్టిగా పైకి చెప్పుకుంటాను, ఈ ఎత్తులోపు ఏమైనా ముందుకే దిగుతాను అని. పక్షులు కూడా ఇక్కడే, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో 90 శాతం పైగా పక్షి ఢీకొట్టిన కేసులు నేల నుంచి 3000 అడుగుల లోపే.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టేది చూపించుకోవడం కోసం దిగడం. 1980 జూన్ 23న ఢిల్లీలో సంజయ్ గాంధీ, కెప్టెన్ సుభాష్ సక్సేనా పిట్స్ ఎస్-2ఏలో తక్కువ ఎత్తులో విన్యాసాలు చేస్తూనే పోయారు. పిట్స్ విన్యాసాలకే పుట్టిన విమానం, దాని లోపం వెతకాల్సిన పని లేదు, కింద ఎత్తు లేకపోతే అంతే. మామూలు మనుషులు చేసేది ఇంకోటి, స్నేహితుల ఇంటి మీదుగా కిందకి దూసుకొచ్చి, వాళ్ళు చేతులూపుతుంటే ముక్కు గట్టిగా పైకి లాగి మలుపు తిప్పడం. గట్టిగా లాగితే స్పీడున్నా స్టాల్ అవుతుంది, మలుపు దాన్ని ఇంకా పెంచుతుంది, నాలుగు సీట్లూ నిండి ఉంటే బరువు వల్ల ఇంకా ముందే వస్తుంది, పైలట్ కళ్ళు మీటర్ మీద కాదు చేతులూపే వాళ్ళ మీద. చూసేవాళ్ళ కళ్ళ ముందే జరుగుతుంది అది. దయచేసి ఎవరినీ అలా అడగొద్దు, పక్కన కూర్చున్న వాళ్ళు "ఇంకొంచెం కిందకి, ఫోటో బాగా వస్తుంది" అంటే కొత్త పైలట్‌కి కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నేను ఇప్పుడు నాతో ఎక్కేవాళ్ళకి ఎక్కకముందే చెప్పేస్తాను, 2000 అడుగుల కింద తిరగను, ఏదైనా చూడాలంటే ఒక పక్కగా పోతూ చూపిస్తాను, చుట్టూ తిరగాలంటే 30 డిగ్రీలు దాటను, ఫోటో కావాలంటే జూమ్ తెచ్చుకోండి అని. ఒకరిద్దరికి నచ్చలేదు, పర్లేదు. నేను కూడా ఎవరి విమానమైనా ఎక్కితే ఏ ఎత్తులో పోతున్నాం, ఇప్పుడు ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగుతావు అని అడుగుతున్నాను, దానికి వెంటనే వేలు పెట్టి పొలం చూపించే పైలట్ అయితే నిశ్చింతగా కూర్చుంటాను. తర్వాత చేయాల్సింది స్పిన్ ట్రైనింగ్, ఏరోబాటిక్ విమానంలో బాగా పైకి వెళ్ళి చేయిస్తారు, దానికి మా ఇన్‌స్ట్రక్టరే ఒకరిని చెప్పారు, వాతావరణం బాగుంటే వచ్చే నెలలో మొదలు.